ముకుందం తోడుపెట్టిన పెరుగు

శిష్యుడు ఏది అడిగినా ఓలేటి విశ్వనాథంగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక ఇంటిపని పురమాయించేవారు. ఆయన ఇంటి పైగదిలో ఉంటూ, ఆయన దగ్గరే లెక్కల్లో పరిశోధన చేస్తున్న ముకుందానికి ఈ అలవాటు చూస్తే ఒళ్లు మండేది. పైకి మాత్రం "అలాగేనండీ" అనేవాడు.

ముకుందం తలకెత్తుకున్నవి నాన్‌లీనియర్ డిఫరెన్స్ ఈక్వేషన్లు. ఇవాళ్టి విలువలోంచి రేపటి విలువ పుడుతుంది, రేపటిలోంచి ఎల్లుండిది. ఏదీ తిన్నగా నడవదు. కాస్త పెంచితే నింగినంటుతుంది, మరికాస్త పెంచితే చతికిలబడుతుంది. అతను పట్టుకున్నదానికి కచ్చితమైన జవాబు ఎవరికీ దొరకలేదు. దగ్గరి జవాబు రాబట్టే పద్ధతి ఒకటి అతను తయారుచేశాడు, అది బాగానే ఉంది కూడా. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలుస్తుంది. అయినా ఇవ్వడానికి అతనికి చేతులు రావడం లేదు.

"మాస్టారూ, అసలు జవాబే తెలియనప్పుడు, మనది దానికి దగ్గరగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పడమండీ?" అని అడిగాడు.

"మా ఇంటావిడ ఊరెళ్లింది. వచ్చేదాకా పాలు నువ్వే తోడుపెట్టు," అన్నారాయన.

"తోడు ఎంత వెయ్యాలండీ?"

"కాస్త."

కాస్తంటే ఎంతో ముకుందానికి అంతుబట్టలేదు. కాగితం తీశాడు. రేపటి పులుపు ఇవాళ్టి పులుపు మీద, వేసే తోడు మీద, పాల వేడి మీద ఆధారపడుతుంది. తోడు రెట్టింపు చేస్తే పులుపు రెట్టింపు కాదు. తీరా చూస్తే అది తన ఈక్వేషనే. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. లెక్క తేలేలోపే పాలు చల్లారిపోయాయి. మర్నాడు గిన్నెలో ఉన్నవి పాలూ కావు, పెరుగూ కాదు. మాస్టారు దాన్నే అన్నంలో పోసుకుని జుర్రుకున్నారు. ఆ సాయంత్రం భయంకొద్దీ మిగిలిన తోడంతా గుమ్మరించాడు. అది కళ్లు మూతలు పడేంతగా పులిసింది. మాస్టారు ఒక కన్ను మూసుకుని అదీ తిన్నారు. అంతకంటే తిట్టినా బాగుండునని ముకుందానికి అనిపించింది.

కాగితం పక్కన పడేసి చెంచా పట్టుకున్నాడు. పాల వేడి వేలికి ఓర్చుకునేలా ఉన్నప్పుడు తోడు కలిపేవాడు. పులిస్తే తగ్గించేవాడు, పలచనైతే పెంచేవాడు. కిందటి రోజు చేసిన తప్పే మర్నాటికి దారి చూపించేది. కొన్నాళ్లకి, గిన్నె వంచినా కదలని పెరుగు తోడుకుంది. మాస్టారు రెండోసారి వడ్డించుకున్నారు.

"కుదిరిందోయ్," అన్నారు.

ముకుందం మొహంలో సంతోషం లేదు. "అసలు పాళ్లు నాకింకా తెలియలేదండీ. నిన్నటికంటే నయం, అంతే. ఇంకొన్నాళ్లు ఆగితే మరో అరచుక్క సవరించి..." అంటూ గిన్నె తీయబోయాడు.

మాస్టారు గిన్నెను తనవైపు లాక్కున్నారు.

"తినే వేళకి వడ్డించవోయ్. ఆగితే ఇదీ పులుస్తుంది."