గుండిగల దావా, గురువారం మౌనం

నిమ్మతోట స్వామివారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చుట్టూ చూస్తారు. ఆ చూపుకు ఏది ఆనితే దానితోనే పని జరిపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం ఈయనకు మాటలు రావేమో అనుకుంటారు. పాతవాళ్ళం మాత్రం ఆయన అలా చూడడం మొదలుపెట్టగానే మా గొడుగులూ చెప్పులూ దగ్గరకు లాక్కుంటాం.

ఒక గురువారం ఉదయం పెంచలయ్య అనే శిష్యుడు మోపెడ్ మీద వచ్చి, దాన్ని తడిక పక్కన నిలబెట్టి, నోటుపుస్తకంలో ఒక ప్రశ్న రాసి స్వామి ముందు పెట్టాడు. "సత్యం నా పక్షాన ఉన్నప్పుడు నేను నోరు తెరవవలసిన పనేమిటి?" రాసి ఎందుకు అడిగాడంటే, గురువారాలు అతనికి మౌనవ్రతం. పదకొండేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. ఒకసారి తేలు కుట్టినా కిక్కురుమనకుండా వైద్యుడి ఇంటికి నడిచి వెళ్ళి, కుట్టిందేదో బొమ్మ గీసి చూపించాడు. వైద్యుడు దాన్ని ఎండ్రకాయ అనుకుని వేడినీళ్ళ కాపడం పెట్టి పంపించాడు. ఈ సంగతి అతను శుక్రవారాల్లో గొప్పగా చెప్పుకునేవాడు.

ప్రశ్న వెనకాల కథ మాకందరికీ తెలుసు. పెంచలయ్యది పెళ్ళిళ్ళకు షామియానాలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే వ్యాపారం. పట్నంలో కోటేశ్వరరావు గారి పాత్రల కొట్లో నాలుగు పెద్ద ఇత్తడి గుండిగలు కొన్నాడు. వెల అరవై నాలుగు వేలు. సగం అప్పుడే ఇచ్చాడు, మిగతా సగం సీజను అయ్యాక ఇచ్చే ఒప్పందం. మొదటి పెళ్ళిలోనే రెండు గుండిగలు అడుగున అతుకు విడిచాయి. సాంబారు కారి పొయ్యి ఆర్పేసి, విడిదింటి గుమ్మం దాకా పాకింది. మర్నాడే పెంచలయ్య ఆ రెంటినీ లారీలో వెనక్కి పంపి రశీదు దాచుకున్నాడు. కోటేశ్వరరావు గారు మాత్రం, గుండిగలు చక్కగానే ఇచ్చాను, రాళ్ళ మీద ఎత్తేసి పాడుచేసుకున్నాడు, మిగతా ముప్పై రెండు వేలూ వడ్డీతో ఇప్పించండి అని దావా వేశారు.

సమను వచ్చింది. సత్యానికి వకీలెందుకని పెంచలయ్య ఒక్కడే కోర్టుకు పోయాడు. పోయిన రోజు గురువారం. బంట్రోతు వరండాలోకి వచ్చి "వంకాయల పెంచలయ్యా" అని మూడుసార్లు కేక వేశాడు. ఆ కేక వేసిన మనిషికి మూరెడు దూరంలో, జేబులో లారీ రశీదుతో, మా పెంచలయ్య నిలబడి ఉన్నాడు. పలకలేదు. వేలు మాత్రం ఎత్తాడు. బంట్రోతు ఆ వేలు చూసి, ఒంటికి వెళ్ళాలేమోననుకుని, కోర్టు వెనక్కి దారి చూపించాడు. పెంచలయ్య అలా కాదని తల అడ్డంగా ఊపేలోగా కోర్టు లోపల ప్రతివాది రాలేదని రాసేశారు. అదే రోజు ఏకపక్షంగా తీర్పు కూడా అయిపోయింది. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. కోర్టువారు ఆ సగంతో సరిపెట్టుకోరు.

ఒక ప్లీడరు గుమాస్తా జాలిపడి, "ఆ తీర్పు కొట్టేయమని ముప్పై రోజుల్లో అర్జీ పెట్టుకోవయ్యా, లేకపోతే కోర్టు అమీను వచ్చి నీ షామియానాలు జప్తు చేస్తాడు" అని చెప్పాడు. మాఘమాసం ముహూర్తాలు ముందున్నాయి. షామియానాలు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. భార్య రవణమ్మ ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. ఇతను కదలలేదు. "నేను అక్కడే ఉన్నాను, దేవుడు చూశాడు, ఇక అర్జీ ఎందుకు?" అంటాడు. నాకైతే ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండేది. అలా ఇరవై ఒక్క రోజులు గడిచిపోయాక ఈ నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు.

స్వామి ప్రశ్న చదువుకున్నారు. చుట్టూ చూశారు. మేము చెప్పులు లాక్కున్నాం.

తడిక అవతల పాత ఇనుము కొనే మస్తాన్ మూడు చక్రాల బండి తొక్కుకుంటూ పోతున్నాడు. స్వామి అతన్ని లోపలికి పిలిచి మోపెడ్ చూపించారు.

"మస్తానూ, ఈ బండి నాదని నేనంటున్నాను. కాదనేవాళ్ళుంటే నోటితో చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే తూకానికి తీసుకుపో."

మస్తాన్ మంచివాడు. "అదేంది సామీ, ఇది పెంచలయ్యన్నది గదా? దీని మీద కుర్చీలు తోలేది నేను రోజూ చూస్తానే!" అన్నాడు.

"నువ్వు చూసింది నీ దగ్గరుంచుకో. అతన్ని అడుగు. మూడుసార్లు అడుగు."

మస్తాన్ అడిగాడు. పెంచలయ్య గుండె మీద అరచేత్తో బాదుకున్నాడు. "సైగలు లెక్కలోకి రావు" అన్నారు స్వామి. రెండోసారి అడిగాడు. పెంచలయ్య పుస్తకంలో "నాది" అని ఇంతింత అక్షరాలతో రాసి మస్తాన్ ముఖానికి ఆనించాడు. "నాకు చదువు రాదన్నా" అన్నాడు మస్తాన్, నిజంగానే నొచ్చుకుంటూ. మూడోసారి అడిగాడు. పెంచలయ్య మోపెడ్‌ను కావలించుకుని, కళ్ళతో స్వామిని బతిమాలాడు. స్వామి నిమ్మకాయలు ఏరుకుంటున్నారు.

మస్తాన్ నిట్టూర్చి, స్పానర్ తీసి, ముందు చక్రం నట్టు మీద పెట్టి ఒక తిప్పు తిప్పాడు.

"రేయ్! ముట్టుకున్నావంటే చెయ్యిరిగిపోద్ది! నాది రా అది! కొన్న రశీదుంది నాకాడ! నంబరు చెప్తా రాసుకో! కావాలంటే పోయి రవణమ్మనడుగు, పెట్రోలు పోసే వాణ్ణడుగు, పంచరేసేవాణ్ణడుగు!"

పదకొండేళ్ళ గురువారాల మాటలన్నీ ఒక్కసారే వచ్చినట్టు వచ్చాయి. నిమ్మచెట్లలో పిట్టలు లేచిపోయాయి. ఆ తర్వాత పెంచలయ్య తను ఏం చేశాడో తెలుసుకుని, మోపెడ్ పక్కనే కూలబడి ఏడ్చాడు. వ్రతం పోయిందని ఏడ్చాడో, ఇన్నాళ్ళ భయం అప్పుడు పొంగిందో, నాకు తెలియదు. నాకూ కళ్ళు చెమర్చాయి. అంతకుముందు వచ్చిన కోపమంతా ఎటు పోయిందో!

స్వామి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"హక్కు చెప్పావు, రశీదు చెప్పావు, సాక్షుల్ని చెప్పావు. జవాబు రాని మనిషివేం కాదు. చోటే తప్పింది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి" అన్నారు.

మస్తాన్ నట్టు బిగించి ఇచ్చాడు. పెంచలయ్య ఆ పూటే పట్నం వెళ్ళి వకీలును పెట్టుకున్నాడు. కోర్టుకు రాలేకపోవడానికి కారణమేమిటో ప్రమాణపత్రంలో రాయాలి కదా. వకీలు జ్వరమని రాద్దామన్నాడు. పెంచలయ్య ససేమిరా అన్నాడు. చివరికి ఉన్నదున్నట్టు, హాజరయ్యాను గాని వ్రతం వల్ల పలకలేకపోయాను అని రాశారు. జడ్జిగారు అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారట. "ఉన్నారా ఆ రోజు?" "ఉన్నానండీ." "పలకలేదా?" "గురువారమండీ." బంట్రోతును పిలిచి అడిగితే, వేలెత్తిన మనిషి ఇతనేనని గుర్తుపట్టాడు. అవతలివాళ్ళకు ఐదువందలు ఖర్చుల కింద ఇమ్మని చెప్పి, జడ్జిగారు పాత తీర్పు కొట్టేసి, జవాబు దాఖలు చేసుకోమన్నారు.

ఈసారి జవాబు పడింది. లారీ రశీదు పడింది. పెళ్ళికొడుకు తండ్రి బోనెక్కి, సాంబారు తన కొత్త చెప్పుల్లోకి ఎలా వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. కోటేశ్వరరావు గారు పట్టుదల మనిషే కాని చెడ్డమనిషి కాదు. వెనక్కి వచ్చిన గుండిగలు తన గోదాములోనే, విప్పని గోనెసంచుల్లో ఉన్నాయని తేలాక సిగ్గుపడ్డారు. పాడైన రెండూ ఆయనవి, బాగున్న రెండూ ఇతనివి, అప్పుడిచ్చిన సగం ఆ రెంటికీ చెల్లు అని రాజీ రాసుకున్నారు. షామియానాలు నిలిచాయి. ఆ మాఘంలో పధ్నాలుగు పెళ్ళిళ్ళు చేశాడు.

అంతా ముగిశాక పెంచలయ్య రవణమ్మను వెంటబెట్టుకుని తోటకు వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. వకీలు ఏమన్నాడో, తను ఏమన్నాడో, జడ్జిగారు తనవైపు ఎలా చూశారో, పొద్దున పట్టినవాడు మధ్యాహ్నం దాకా చెప్పాడు. సాంబారు విడిదింటి గుమ్మం దాటి వీధి దాకా, వీధి దాటి కాలవ దాకా పాకింది. మాలో ఇద్దరు కునుకు తీశారు. రవణమ్మ రెండుసార్లు కొంగు పట్టి లాగింది. మాకు భోజనాల వేళ దాటిపోతున్నది.

చివరికి అతనే ఆగి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు. "నోరు తెరవాల్సిన చోటేదో తెలిసొచ్చింది సామీ. మరి మనిషి నోరు మూసుకోవాల్సింది ఎప్పుడు?"

ఆ రోజు స్వామి చుట్టూ చూడలేదు.

"ఇప్పుడైతే బాగుంటుంది నాయనా" అన్నారు.