సాంద్రో ఎక్కని బండి

గఫార్ ఉస్తాద్ చెయ్యి వెయ్యనిదే ఏ బండీ షెడ్డు గేటు దాటదు. ఐలేశ్‌కి వచ్చిన చిక్కల్లా అదే.

పదకొండేళ్ళు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, మొదటిసారి ఒక బెలాందీ బండిని తనొక్కడే విప్పి తనొక్కడే బిగించాడు. ఎర్రటి ఇటలీ రేసు బైకు. ఆదివారం కోయంబత్తూరు ట్రాక్ మీద దాన్ని తనే నడపాలి. గెలిస్తే రైడర్‌గా తీసుకుంటామని ఒక జట్టు మాటిచ్చింది. ముప్పై రెండేళ్ళు దాటుతున్నాయి, ఇలాంటి పిలుపు మళ్ళీ రాదని అతనికి తెలుసు. బండిని తీసుకెళ్ళే వ్యాన్ ఇంకో గంటలో వచ్చేస్తుంది.

ఉస్తాద్ వయసులో ఉన్నప్పుడు తొమ్మిదేళ్ళు ఆ బెలాందీ కార్ఖానాలోనే ఫిట్టరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇద్దరు అన్నదమ్ములు సైకిళ్ళకి తగిలించే బుల్లి ఇంజన్లతో మొదలుపెట్టిన కార్ఖానా అది. అక్కడ ఒక్కో ఇంజన్‌నీ మొదటి బోల్టు నుంచి ఆఖరి బోల్టు దాకా ఒక్క మనిషే బిగించేవాడు. ఆ తర్వాత సాంద్రో అనే ఆయన బండిని కొండదారిలో తిప్పుకొచ్చి సరేనంటేనే అమ్మకానికి వెళ్ళేది. మంచు కురుస్తున్న ఒక పొద్దున అలా వెళ్ళిన సాంద్రో తిరిగి రాలేదు. బండి దొరికింది. ఇంజన్ ఆడుతూనే ఉంది. మనిషి మాత్రం దొరకలేదు.

ఆయన స్థానంలో అన్నదమ్ములు ఇంకెవర్నీ పెట్టుకోలేదట. అప్పట్నుంచీ ప్రతి కొత్త బండినీ వాకిట్లో స్టార్ట్ చేసి వదిలేసి, పనివాళ్ళంతా గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళట.

ఈ కథ ఐలేశ్ వందసార్లు విన్నాడు. ఉస్తాద్ ముందు బుద్ధిగా తలూపి, చాటుకెళ్ళి నవ్వుకునేవాడు. పెద్దాయన ఇటలీ నుంచి విద్యతో పాటు కాస్త పిచ్చి కూడా మూటగట్టుకొచ్చాడని అతని లెక్క.

"ఉస్తాద్, కంప్యూటర్ పెట్టి చూసిన. ఒక్క తప్పు లేదు. మీరు చెయ్యేస్తే ఒక రౌండ్ కొట్టొస్తా."

ఉస్తాద్ బండివైపు చూడలేదు. శిష్యుడి మొహంలోకి చూశాడు.

"ఎవరు బిగించిన్రు?"

"నేనే. మొత్తం నేనే!"

"అచ్ఛా. ఇంజన్ చాలూ చెయ్."

ఇంజన్ గర్జనకి పక్కన షెడ్డు రేకులు అదిరాయి. ఐలేశ్ హెల్మెట్ తగిలించుకుని కాలెత్తబోతుంటే ఉస్తాద్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు కాదు. హెల్మెట్ తీసి ఇటు రా. గోడ దిక్కు తిరుగు."

"ఉస్తాద్, వ్యాన్ వచ్చే టైమైంది..."

"తిరుగు బేటా. ఎనకకి చూడకు."

గేటుకి లోపల్నుంచి గడియ వేసి ఉంది. ఆవరణలో వాళ్ళిద్దరే. మధ్యాహ్నపు ఎండ వీపు మీద చురుక్కుమంటోంది, ఇంజన్ జోరు తగ్గి నెమ్మదిగా ఆడుతోంది. ఐలేశ్ విసుగ్గా గోడ మీద పెచ్చులూడిన సున్నం చూస్తూ నిలబడ్డాడు.

వెనక కంకర మీద అడుగుల చప్పుడు వినిపించింది. బరువైన బూట్లు. ఉస్తాద్ కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి, ఆయన పక్కనే ఉన్నాడు.

అడుగులు తాపీగా బండి చుట్టూ తిరిగాయి. ముందు చక్రం దగ్గర ఆగాయి. ఎవరో కింద కూర్చున్నట్టు మోకాలు కటుక్కుమంది. తర్వాత ప్చ్ అని చిన్నగా నాలుక చప్పరించిన శబ్దం. ఐలేశ్‌కి ఒళ్ళంతా చల్లబడిపోయింది. చెమట మాత్రం ధారగా కారుతోంది.

అడుగులు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఇంజన్ ఆగిపోయింది.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. గేటు గడియ వేసినట్టే ఉంది. బండి తాళంచెవి మాత్రం ఆఫ్ వైపు తిరిగి ఉంది.

"సాంద్రో ఎక్కలే," అన్నాడు ఉస్తాద్ మెల్లగా.

ఐలేశ్ ముందు చక్రం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. బ్రేకు బోల్టు మీద వేలు పెట్టాడు. అది పానా లేకుండానే తిరిగింది. నిన్న ఆ జట్టు తరఫున వీడియో తీసేవాళ్ళు వచ్చి పిలిస్తే, దాన్ని బిగిస్తూ పోజు ఇవ్వడానికి మధ్యలో లేచి వెళ్ళాడు. ఆ బోల్టు అలాగే ఉండిపోయింది.

ట్రాక్ మీద ఏమయ్యేదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. తల వంచుకుని ఏడ్చాడు.

బోల్టు బిగించాడు. అక్కడితో ఆగకుండా, బిగించానని అనుకున్నవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ పట్టి చూశాడు. బయట వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టి, వెళ్ళిపోయింది. ఐలేశ్ తలెత్తలేదు.

ఆఖర్న లేచి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఎంతసేపు నిలబడాలె ఉస్తాద్?"

ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆయనకి తొందర లేదు బేటా."