పైకి చూడమ్మా

డాక్టర్ విరూపాక్షకి మెదడు కాండం కొట్టిన పిండి. పెద్ద మెదడునీ వెన్నుపామునీ కలిపే ఆ బొటనవేలంత కాడ గురించి అతను నోరు విప్పితే జూనియర్లు కదలకుండా వినేవాళ్ళు. బోర్డు మీద రెండు అడ్డగీతలు కొట్టి దాన్ని మూడు భాగాలు చేసేవాడు. పైన మధ్యమెదడు, నడుమ పాన్స్, అడుగున మెడుల్లా.

ఊపిరి, గుండె కొట్టుకోవడం, మింగడం, దగ్గు, ఇవన్నీ అడుగుదాని పని. ముఖం కదలడం, కళ్ళు కుడికీ ఎడమకీ తిరగడం నడిమిదాని పని. కాళ్ళకీ చేతులకీ నాలుకకీ ఆజ్ఞలు మోసే తీగలు కూడా దాని ముందు భాగంలోంచే కిందికి దిగుతాయి. కళ్ళు పైకీ కిందికీ ఆడటం, రెప్పలు లేవడం పైదాని పని. ఇక మనిషిని మేలుకొలిపే వల ఒకటుంది, అది వెనకవైపు పైదాకా అల్లుకుని ఉంటుంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, చాక్‌పీసు బల్ల మీద పడేసి, చేతులు దులుపుకునేవాడు. ఆ దులుపుకోవడంలో కాస్త టెక్కు ఉండేది, అబద్ధమెందుకు.

అతని బాధల్లా ఒకటే. కొత్త పిల్లలకి ఏటా మెదడు కాండం మీద చెప్పే మొదటి పాఠాన్ని పెద్దాయన సత్తార్ సాహెబ్ ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆయన నరాల విభాగానికి పెద్ద, విరూపాక్షకి గురువు. మిగతా పాఠాలన్నీ శిష్యులకి పంచిపెట్టేవారు. ఆ ఒక్కటీ మాత్రం పట్టుకు కూర్చునేవారు.

ఆ ఏడు సాహెబ్ హజ్‌కి వెళుతూ వార్డు మొత్తం విరూపాక్ష చేతిలో పెట్టి వెళ్ళారు. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఆసుపత్రి వరండాలో అందరికీ ఖర్జూరాలు పంచుతుంటే విరూపాక్ష అదను చూసి దగ్గరికి చేరాడు.

"సార్, ఈ ఏడన్నా ఆ పాఠం నాకియ్యండి. నాలో ఇంకేం తక్కువుందో చెప్పండి, నేర్చుకుంటా."

సాహెబ్ అతని చేతిలో కూడా ఒక ఖర్జూరం పెట్టారు.

"రౌండ్స్‌కి పోదాం పా నాయనా. నువ్వు చెప్తా ఉండు, నేను వింటా."

విరూపాక్ష లోలోపల పొంగిపోయాడు. ఏ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడాలో అతనికి తెలుసు. కిటికీ పక్క మంచం. అలాంటి కేసు ఏళ్ళకొకటి వస్తుంది. పైగా అది ఆ రోజే వెళ్ళిపోతోంది.

ఆ మంచం మీద ఉన్నావిడ పేరు ఓబుళమ్మ. మొగుడు మద్దిలేటి నాపరాయి గనుల్లో రాళ్ళు కోస్తే ఈవిడ వాటిని లారీలకెత్తేది. రెండు వారాల కింద నీళ్ళ బిందె ఎత్తుతూ ఎత్తుతూ కుప్పకూలింది. మెదడు కాండానికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డం పడింది. గొంతులో పెట్టిన గొట్టంలోంచి ఊపిరి దానంతటది ఆడుతోంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అప్పుడప్పుడు రెప్ప పడుతుంది. అంతకు మించి వేలు కదలదు, పెదవి మెదలదు.

మద్దిలేటి గుడ్డసంచి సర్ది మంచం పక్కన నిలబడున్నాడు. కింద గేటు దగ్గర బండి వచ్చి ఆగి ఉంది. వాళ్ళ ఊళ్ళో బయట ప్రాణం పోయిన మనిషిని గడప దాటనియ్యరు, ఎంత ఇంటి ఇల్లాలైనా వీధిలో పడుకోబెట్టాల్సిందే. అందుకని ఊపిరుండగానే ఇంటికి చేర్చుకుంటారు. ఆ మాట మద్దిలేటి నోట రాకముందే, తీసుకుపొమ్మని చెప్పింది విరూపాక్షే. గొట్టం తీసి పంపిస్తామన్నాడు. గొట్టం తీసేస్తే గొంతు పూడుకుపోయి ఊరు చేరిన పూటకో మర్నాటికో అయిపోతుందని కూడా దాచకుండా చెప్పాడు. మద్దిలేటి తలపాగా విప్పి మొహం తుడుచుకుని "సరే సార్" అన్నాడు.

ఇప్పుడు జూనియర్లు చుట్టూ మూగారు. విరూపాక్ష గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గడ్డ ఎక్కడ పడింది, స్కాన్‌లో పాన్స్ ముందు భాగం ఎలా నల్లబడింది, ఊపిరి ఎందుకు మిగిలింది, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు.

"రోజూ పరీక్ష చేశాను సార్. చెయ్యి బిగించమన్నా, నాలుక చాపమన్నా, కుడికి చూడమన్నా, ఎడమకి చూడమన్నా. దేనికీ పలకదు. కళ్ళు తెరిచి ఉంటాయి గానీ కోమానే. ఊపిరొకటే, మనిషి లోపల లేదు."

అంటూనే పిడికిలి బిగించి, వేళ్ళ కణుపులతో ఓబుళమ్మ రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దాడు. నొప్పికి స్పందిస్తుందేమోనని డాక్టర్లు చేసే పరీక్ష అది. రోజూ చేసేదే. పిల్లలకి చూపించడానికి ఒక్కోరోజు రెండోసారీ చేసేవాడు.

ఆమె కదల్లేదు. కంటి చివరి నుంచి నీళ్ళు చెవి మీదికి కారాయి.

"ఆ నీళ్ళు?" అన్నారు సాహెబ్.

"రెప్ప సరిగా పడటం లేదు కదా సార్, కళ్ళు మండి కారతాయి."

సాహెబ్ గోడవార ఉన్న ఇనప స్టూలు తనే ఈడ్చుకొచ్చి మంచం పక్కన వేసుకుని కూర్చున్నారు. తల వంచి తన మొహం ఆమె మొహానికి సమంగా వచ్చేదాకా ఒంగారు. జేబురుమాలుతో చెవి దగ్గర తడి తుడిచారు.

"ఓబుళమ్మా, నా పేరు సత్తారు. ఈడ డాక్టర్ని. ఊర్లో లేకపోతి, ఇయ్యాలే వచ్చినా. కళ్ళు పైకెత్తి చూడమ్మా."

కళ్ళు పైకి లేచాయి.

జూనియర్లలో ఎవరో చప్పున ఊపిరి పీల్చారు. విరూపాక్ష మాత్రం తనకేదో భ్రమ కలిగిందనుకున్నాడు.

"ఇప్పుడు కిందికి."

కళ్ళు కిందికి దిగాయి. మెల్లగానే అయినా అనుమానానికి తావులేకుండా దిగాయి.

"మళ్ళా పైకి తల్లీ."

లేచాయి.

పైది మధ్యమెదడు, కళ్ళు పైకీ కిందికీ ఆడించేది అదే. విరూపాక్ష ఎన్ని బోర్డుల మీద రాశాడు ఆ ముక్క! పోయింది పాన్స్ అని తనే నిర్ణయించాడు. నిర్ణయించి, రోజూ ఆ పోయినదాన్నే పని చెయ్యమని అడిగాడు. చెయ్యీ నాలుకా కుడీ ఎడమా, అన్నిటికీ దారి అక్కడే. మిగిలినదాన్ని ఒక్కనాడూ పలకరించలేదు. ఇంత చిన్న సంగతి ఎలా తప్పిపోయిందో అతనికి అర్థం కాలేదు. మంచం కమ్మీ పట్టుకున్నాడు.

సాహెబ్ ఆమెతోనే మాట్లాడుతున్నారు.

"నేనొకటి అడుగుతా. అవునంటే పైకి చూడు, కాదంటే కిందికి చూడు. నీ పేరు ఓబుళమ్మేనా?"

పైకి.

"ఈయప్ప నీ తమ్ముడేనా?"

కిందికి.

మద్దిలేటి నవ్వబోయాడు. నవ్వు రాలేదు, గొంతులోంచి ఏదో కేక వచ్చింది. సంచి చేతిలోంచి జారి నేల మీద పడింది.

"వింటాదా సార్? మా ఓబుళ వింటాదా?"

"వింటాది. ఎప్పట్నించో కూడా ఆమెనే అడుగుదాం." సాహెబ్ మళ్ళీ ఒంగారు. "అమ్మా, నిన్నీడికి తెచ్చినకాడ్నించీ మేం మాట్లాడేదంతా వింటానే ఉండావా?"

కళ్ళు వెంటనే పైకి పోయాయి. పోయి, అక్కడే చాలాసేపు ఆగిపోయాయి.

మద్దిలేటి నెత్తి బాదుకుంటూ నేల మీద చతికిలబడ్డాడు. నిన్న సాయంత్రం ఆమె మంచం పట్టె మీద కూర్చునే అన్నకి ఫోన్ చేసి, గుంత ఎక్కడ తవ్వాలో చెప్పాడతను. పిల్లల్ని ఎవరు చూసుకోవాలో కూడా అక్కడే తేల్చారు. "నా నోరు పడిపోను! నా నోరు పడిపోను!" అంటూ గోలుగోలున ఏడుస్తున్నాడు.

విరూపాక్షకి ఏడుపు కూడా రాలేదు. తన మాటలు తనకే వినపడుతున్నాయి. ఊపిరొకటే, మనిషి లోపల లేదు. ఆ మాట ఇవాళ కొత్తగా అన్నది కాదు. ఆమె మొహం మీదుగా, ఆమె కళ్ళల్లోకి టార్చి వేసి, రోజూ అన్నాడు. గొట్టం తీసేస్తే ఎన్నాళ్ళు ఆడుతుందో లెక్కకట్టి చెప్పింది కూడా ఇక్కడే నిలబడి. ఆమె వింటూ పడుకుంది. వద్దని అరవడానికి ఆమెకి దారి ఒక్కటే మిగిలింది, ఆ దారి తనకి తెలుసు, తెలిసీ అడగలేదు.

"బండి... బండి వెనక్కి పంపీమంటారా సార్?" అన్నాడు మద్దిలేటి వెక్కుతూ.

"నన్నెందుకడుగుతావప్పా? ఆమెనడుగు."

మద్దిలేటి మోకాళ్ళ మీద మంచం దగ్గరికి జరిగాడు. ఎక్కడ చూడాలో తెలియనట్టు ముందు గొట్టాన్ని చూశాడు, తర్వాత కళ్ళల్లోకి చూశాడు.

"ఓబుళా, బండి పంపించేద్దునా?"

కళ్ళు పైకి లేచాయి. అతను లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్ల వైపు పరిగెత్తాడు.

సాహెబ్ సైగ చేస్తే సిస్టర్ వచ్చి, మగపిల్లల్ని వెనక్కి తిరగమని, ఓబుళమ్మ జాకెట్టు పైగుండీ తప్పించింది. సిస్టర్ మొహం మాడిపోయింది. రొమ్ము ఎముక మీద పిడికిలంత మేర చర్మం కమిలిపోయి ఉంది. పాత దెబ్బ పచ్చబడితే దాని మీద కొత్తది ఎర్రగా తేలింది.

"నొప్పి తెలస్తాందా తల్లీ?" అన్నారు సాహెబ్.

పైకి.

"రోజూ తెలిసిందా?"

పైకి.

విరూపాక్ష తన కుడి పిడికిలి వంక చూసుకున్నాడు. అది తనది కాకపోతే బాగుండునన్నంత అసహ్యం వేసింది. సిస్టర్ చేతిలోంచి మందు ట్యూబు తీసుకుని ముందుకొచ్చాడు.

"అమ్మా... నన్ను మందు రాయమంటావా?"

ఓబుళమ్మ కళ్ళు కిందికి దిగాయి.

విరూపాక్ష చేతిలో ట్యూబు అలాగే ఉండిపోయింది. సాహెబ్ దాన్ని నెమ్మదిగా తీసి సిస్టర్‌కిచ్చి, స్టూలు మీంచి లేచారు.

"సిస్టరమ్మ రాస్తాదిలే. నువ్వీడే ఉండు," అన్నారు. "కూచోవాలన్నా ఆమెనడిగి కూచో."

ఆయన జూనియర్లని వెంటబెట్టుకుని పక్క మంచానికి వెళ్ళిపోయారు.

సిస్టర్ మందు రాసి, గుండీ పెట్టి, దుప్పటి సర్ది వెళ్ళింది. స్టూలు ఖాళీగా ఉంది. విరూపాక్ష తల వంచి, తన మొహం ఆమె మొహానికి సమంగా వచ్చేదాకా ఒంగాడు.

"నా పేరు విరూపాక్ష," అన్నాడు. "ఈడ కూచుందునా అమ్మా?"

కళ్ళు పైకి లేవలేదు, కిందికీ దిగలేదు. నిదానంగా అతని మొహం మీద నిలిచి, అతన్నే చూస్తూ ఉండిపోయాయి.

అతను జవాబు కోసం నిలబడ్డాడు.