గరిక చదవలేని జాడలు

చింతలవాగు వంపు తిరిగే చోట తడి ఇసుక తిన్నె ఒకటుంది. దుప్పుల మందలో పిల్లలకి అదే బడి. రాత్రి ఎవరెవరు నీళ్లకి వచ్చిపోయారో పొద్దున్నే ఆ ఇసుక చెబుతుంది. కాలి గుర్తు చూసి అది ఏ జంతువుదో, ఎటు వెళ్లిందో తెలుసుకోలేని దుప్పి అడవిలో ఎక్కువ కాలం బతకదు. అందుకే ఆ చదువు ఎవరికీ తప్పదు.

చదువు చెప్పేది ముసలి పోతుదుప్పి. కొమ్ములు పెద్దవి, ఓపిక చిన్నది. పిల్లలు ఆయన్ని కొమ్ముల పంతులు అనేవారు.

"ఇదెవరిది?"

"రేచుకుక్కది పంతులుగారూ!"

"ఎటెళ్లింది?"

"గుట్ట మీదికి!"

పొన్న అనే దుప్పి కూతురు గరిక ఎప్పుడూ వరసలో చివర నిలబడేది. ముందున్నవాళ్లు ఏం చెప్పారో విని, తన వంతు రాగానే అదే చెప్పేసేది. ఎందుకంటే ఇసుక మీది గుర్తులు దాని కళ్లకి నిలిచేవి కావు. వేళ్లు ముందున్నాయో వెనకున్నాయో, అది పంజానో గిట్టో, చూస్తుండగానే తారుమారైపోయేవి. మిగతావాళ్లకీ అలాగే కనబడుతుందని, వాళ్లు మాత్రం ఎలాగో కష్టపడి చదువుతున్నారని అనుకునేది పాపం.

ఒకరోజు పంతులు వరసని చివరి నుంచి మొదలుపెట్టాడు. గరికకి విని చెప్పడానికి ముందెవరూ లేరు. గట్టిగా అడిగితే చిరుతపులి జాడని కుందేలు జాడ అంది. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"కళ్లు లేవా? ఒళ్లు వంచడానికి బద్ధకమా?" అన్నాడు పంతులు.

ఆ రోజు నుంచి దానికి 'మొద్దు గరిక' అని పేరు పడింది. దాని పక్కన మేస్తే ఆ మొద్దుతనం తమకీ అంటుతుందన్నట్టు పిల్లలు దూరం జరిగారు. గరిక మంద అంచున, తుప్పల పక్కన ఒంటరిగా మేయడం అలవాటు చేసుకుంది.

ఆ తుప్పల్లోనే నక్క ఉండేది. ఈ పిల్ల తాజా నక్క జాడ మీదే నిలబడి నింపాదిగా నీళ్లు తాగడం చూసి, సంగతి కనిపెట్టేసింది.

"భయపడకు బిడ్డా, నీ ఈడు పిల్లలు నాకూ ఉన్నారు," అంది ఒక మధ్యాహ్నం, దూరంగానే కూర్చుని. "నీకు జాడలు తెలియవు కదూ?"

గరిక పారిపోబోయి ఆగింది. "ఎవరితోనైనా చెబుతావా?"

"నేనెందుకు చెబుతాను? రాత్రంతా తిరిగేవాణ్ణి. రేవుకి ఎవరొచ్చారో నాకు తెలుసు. తెల్లారగానే పై నుంచి కిందికి వరసగా నీకు చెప్పేస్తాను. గుర్తుపెట్టుకోగలవా?"

గుర్తుపెట్టుకోవడం గరికకి లెక్కే కాదు. ఒకసారి విన్నది మరిచిపోదు. మర్నాడు పంతులు అడిగాడు. "రేవు దగ్గర ఎలుగు, రాయి పక్కన అడవిపంది, చివర దుమ్ములగొండి," అని ఊపిరి తీసుకోకుండా అప్పగించింది.

"చూశారా! తిడితేనే గానీ దారికి రారు," అన్నాడు పంతులు కొమ్ములు ఎగరేస్తూ.

బడిలో పేరొచ్చింది కానీ పక్కన మేయడానికి ఎవరూ రాలేదు. అంతకుముందు మొద్దు అని దూరంగా ఉన్నవాళ్లు, ఇప్పుడు దీనికి పొగరని దూరంగా ఉన్నారు. అంత పెద్ద అడవిలో "ఏం తిన్నావే ఇవాళ?" అని గరికని అడిగేది ఆ నక్క ఒక్కటే. గరిక అన్నీ దానికే చెప్పుకునేది.

తొలకరి పడింది. మందలో దుప్పులు ఈనాయి. లేవలేని పసికూనల్ని తల్లులు ఎత్తైన గడ్డిలో దాచి మేతకి వెళతాయి. ఎక్కడ దాచేదీ మందకి తప్ప ఎవరికీ తెలియదు.

"కొత్త పిల్లలు పుట్టారట కదా," అంది నక్క. "ఎక్కడ పడుకోబెట్టారు? ఒకసారి కళ్లారా చూసిపోతాను."

గరిక నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది.

"చెప్పకూడదు నక్క మామా."

"ఇన్నాళ్లూ నీకు నేను ఏదైనా దాచానా?" నక్క గొంతు మారలేదు, అదే మెత్తదనం. "సరే, నీ ఇష్టం. నేనూ పంతులుతో ఒక మాట చెప్పాల్సుంది. తొందరేం లేదు, ఆలోచించుకో. అందాకా పొద్దుటి జాడలు మామూలే. తర్వాత మళ్లీ అడుగుతాను."

గరికకి మేత సయించలేదు. చెబితే పసికూనలు పోతాయి. చెప్పకపోతే, అందరి ముందూ తను మొద్దే కాక మోసగత్తె కూడా అవుతుంది. ఎవరితో అనాలి? అనడానికి ఉన్నది ఆ నక్క ఒక్కటేనాయె.

కూతురి డొక్కలు లోపలికి పోవడం పొన్న చూసింది. బడిలో ఇంత పేరొచ్చిన పిల్ల ఎందుకిలా అయిపోతోందో అర్థం కాలేదు. వాగుకి వెళుతూ వెళుతూ, బురదలో ఒక గుర్తు చూపించి ఊరికే అడిగింది.

"ఇదెవరిదే?"

"ఎలుగుది," అంది గరిక ఠక్కున. అది ఆ పొద్దుటి పాఠం.

బురదలో ఉన్నది పొన్న గిట్ట గుర్తు. అప్పుడే పడింది.

పొన్న తిట్టలేదు. నీళ్లు తాగకుండానే వెనక్కి తిరిగి, కూతుర్ని రాళ్లగుట్ట వైపు తీసుకెళ్లింది.

గుట్టలో సూదమ్మ అనే ముళ్లపంది ఉంటుంది. ఒంటి నిండా ముళ్లున్న ఆవిడ దగ్గరికి ఎవరూ ఊరికే పోరు. కోతి పిల్లో కుందేలు పిల్లో చదువులో వెనకబడితే మాత్రం, తల్లులు ఎవరి కంటా పడకుండా వచ్చి ఆవిడ గుమ్మంలో నిలబడతారు.

"దీనికి ఏదైనా మందివ్వు అవ్వా," అంది పొన్న.

"మందులు నా దగ్గర లేవు తల్లీ. పిల్లతో కూర్చుని చూస్తాను, అంతే. ముందు నువ్వు చెప్పు. పుట్టినప్పుడు ఎలా ఉంది? ఎప్పుడు నడిచింది? మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉండేవారా?"

"మా అన్న," అంది పొన్న. "రేవు దగ్గర చిరుతకి దొరికాడు. జాడ కళ్ల ముందే ఉంది. పరాకుగా ఉన్నాడన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను."

సూదమ్మ తల పంకించి, గరికని నీడలో కూర్చోబెట్టుకుంది. పిట్టల కూతలు వరసగా వినిపించి తిరిగి చెప్పమంది. కథ చెప్పి, అందులో ఎవరెందుకు అలా చేశారో అడిగింది. చెట్టు బెరడు ముక్కలు ఇచ్చి పేర్చమంది. దూరంగా కొమ్మ మీదున్న పిట్టని చూపించి దాని రంగులు అడిగింది. అన్నిటికన్నా ఆఖరున ఇసుక మీద గుర్తులు పెట్టింది. గరిక తల పక్కకి తిప్పుకోవడం చూసి ఆపేసింది.

"అలిసిపోయావు. ఇవాళ్టికి చాలు, రేపు రా."

రానప్పుడు ఆపెయ్యవచ్చని గరికకి అప్పటిదాకా తెలియదు.

అలా కొన్నాళ్లు చూశాక సూదమ్మ తల్లినీ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నువ్వు మొద్దువి కాదే. ఊరడించడానికి చెప్పట్లేదు, చూసి చెబుతున్నాను. కంటిచూపు బాగుంది, బుర్ర చురుకు, విన్నది వదలవు. ఇసుక మీది గుర్తులు మాత్రం నీకు కుదురుగా నిలవవు. అది బద్ధకం కాదు, నీ తీరే అంత. పూర్తిగా పోతుందని నేను చెప్పను. ముక్కుతో వాసన పట్టి, గిట్టతో తడిమి, నెమ్మదిగా నేర్పితే నేర్చుకుంటావు. ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని మీ పంతులు ఓర్చుకోవాలి."

గరికకి ఏడుపొచ్చింది. ఎందుకో దానికే తెలియలేదు.

"ఇంకో సంగతి," అంది సూదమ్మ. "జాడ చదవలేని పిల్ల బడిలో అందరికంటే ముందు అప్పగిస్తోందట. నీకెవరో ముందే చెప్పిపెడుతున్నారు. వాళ్లెవరో నాకు చెప్పనక్కర్లేదు. మీ అమ్మకి చెప్పు."

దిగే దారిలో గరిక మొత్తం చెప్పేసింది. పొన్న వెంటనే అడిగింది.

"పసికూనల చోటు చెప్పావా?"

"లేదమ్మా."

"ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కూడా నా పక్కన మేయడం మానేస్తావని."

పొన్న దారిలోనే ఆగిపోయి, కూతురి మెడ నిమిరింది. తర్వాత ఇద్దరూ సరాసరి పంతులు దగ్గరికి వెళ్లారు.

"నా బడిలో మోసమా!" అని పంతులు మొదట కొమ్ములు విసిరాడు. సూదమ్మ చెప్పిందంతా విన్నాక కొమ్ములు దించుకున్నాడు. "మీ అన్నకీ చదువు చెప్పింది నేనే పొన్నా," అని మాత్రం అన్నాడు.

తెల్లారాక ఇసుక తిన్నె మీద, అందరి ముందూ నిలబడి గరికే నోరు విప్పింది. "నాకు జాడలు చదవడం రాదు. ఇన్నాళ్లూ నేను చెప్పినవి నక్క చెప్పినవి. అది పసికూనల చోటు అడుగుతోంది."

ఎవరూ నవ్వలేదు. దగ్గరికీ ఎవరూ రాలేదు. తల్లులు మాత్రం గబగబా వెళ్లి పసికూనల చోటు మార్చుకున్నాయి.

మధ్యాహ్నం నక్క వచ్చింది. "ఏం బిడ్డా, ఆలోచించావా?"

"చెప్పను."

"అయితే నీ పరువు నువ్వే తీసుకున్నట్టు," అంటూ నక్క తోక ఎత్తుకుని మంద మధ్యకే నడిచింది. రచ్చ చేసి, ఆ గందరగోళంలో పసికూనల్ని వెతుక్కుంటూ గడ్డి వైపు జారుకోవచ్చని దాని లెక్క. "ఓ పంతులూ! నువ్వు మురిసిపోతున్న పిల్లకి ఒక్క జాడా తెలియదు. అన్నీ నేను చెప్పినవే!"

"తెలుసు," అన్నాడు పంతులు, నెమరు ఆపకుండా.

"తెలుసా?"

"పొద్దున్నే చెప్పింది. ఇంతకీ మందలోకి ఇంత దూరం ఎలా వచ్చావు? ఎలా పోదామనుకుంటున్నావు?"

నక్క వెనక్కి చూసింది. చుట్టూ పోతుదుప్పుల కొమ్ములు దిగుతున్నాయి. చెట్టు మీద కొండముచ్చు కేకేసింది. నక్క రేగుముళ్ల కంపలో పడి, సగం బొచ్చు అక్కడే వదిలి, వాగు దాటి పరుగు తీసింది. మళ్లీ ఆ ఒడ్డున కనబడలేదు.

ఆ తర్వాత పంతులు, మిగతా పిల్లలు వెళ్లిపోయాక గరికకి విడిగా చెప్పేవాడు. ముక్కు ఇసుకకి ఆనించమనేవాడు, గిట్టతో అంచులు తడమమనేవాడు. కసురుకోబోయి ఆగిపోయేవాడు. చాలా రోజులు ఏమీ రాలేదు. అవతలి పచ్చికలో పిల్లలు గంతులేస్తుంటే గరిక ఇసుక మీద వంగి ఉండేది. ఒక్కో మధ్యాహ్నం అప్రయత్నంగా తుప్పల వైపు చూసేది. నక్క మోసగాడని తెలుసు. అయినా మాట్లాడేవాళ్లు ఎవరూ లేని మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉంటుంది.

ఒకరోజు పంతులు కూడా వెళ్లిపోయాక, నీటి అంచున ఒక చిన్న గుర్తు తగిలింది. వాసన చూసింది. తడిమింది. కళ్లు మూసుకుని మళ్లీ తడిమింది.

"కుందేలు," అంది. "గుట్ట వైపు వెళ్లింది."

తల ఎత్తి చూసింది. తిన్నె మీద ఎవరూ లేరు. అయినా గరిక ఆ మాట ఇంకోసారి, ఈసారి గట్టిగా చెప్పుకుంది.

పిల్లలు దాచుకున్న కష్టాన్ని పెద్దలు కూర్చుని అడిగి తెలుసుకోకపోతే, దాన్ని వాడుకునేవాడు ముందుగా కనిపెడతాడు.