గోడ అవతలి చెయ్యి

కాశప్ప తాతను ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు ఒక గ్లాసు మజ్జిగ ఇప్పించేవారు. అది తాగేలోగా సగం మంది తాము అడిగింది మరిచిపోయి, ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుకుని వెళ్ళిపోయేవారు. మరిచిపోనివాళ్ళకే జవాబు. అదీ వెంటనే వచ్చేది కాదు. మా ఊరి రైల్వే స్టేషను వెనక, రాళ్ళగుట్ట కింద ఉండేది ఆయన మఠం. మఠమంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు గదులూ ఒక పందిరీ. బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఆ పందిరి కింద కూర్చునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఒక సాయంత్రం జట్కాబండి తోలే మద్దిలేటి వచ్చాడు. మజ్జిగ గ్లాసు చేతికిస్తే తీసుకుని పక్కన పెట్టాడు. వానాకాలంలో వచ్చిన జ్వరం అతని ఒక్కగానొక్క కూతురు సుంకమ్మను తీసుకుపోయింది. ఆ పిల్ల మొదటి తరగతిలో నా దగ్గరే చదివేది. గుర్రం బొమ్మ వేయమంటే ముందు బండి వేసేది, ఆ తర్వాత పలక మీద గుర్రానికి చోటు చాలేది కాదు. బిడ్డకు ఒళ్ళు కాలిపోతుంటే మద్దిలేటి ఆస్పత్రికీ తిప్పాడు, సుంకులమ్మ గుడికీ తిప్పాడు. తడిబట్టలతో ప్రదక్షిణలు చేశాడు. ఫలితం లేదు. అప్పటి నుంచి మఠానికి రావడం మానేసినవాడు మళ్ళీ ఇప్పుడే కనిపించాడు.

"తాతా, నేను దేవున్ని నమ్మితి. ఇంగ నమ్మల్లంటే ఏం జూసి నమ్మల్ల? అదొక్కటి చెప్పు," అన్నాడు.

తాత నోరు తెరవకముందే పందిరి కింద ఉన్న పెద్దమనుషులు అందుకున్నారు. ఒకాయన పూర్వజన్మ కర్మ అన్నాడు. ఒకాయన దేవుడు తన వాళ్ళనే పరీక్షిస్తాడన్నాడు. మంచి పిల్ల కనుకే తొందరగా పిలిపించుకున్నాడని ఇంకొకాయన అన్నాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు, ముగ్గురూ దుక్కల్లా ఉన్నారు. పక్కవాడి బిడ్డ పోయినప్పుడు మన నోటికి ఎంత వేదాంతం వస్తుందో ఆరోజు చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకేమైనా జవాబు తెలుసా అంటే అదీ లేదు.

తాత వాళ్ళ మాటలేవీ పట్టించుకోలేదు. "నీ గుర్రం నిన్ను నమ్ముతాదా మద్దిలేటీ?" అని అడిగారు.

కూతురు పోయాక మొదటిసారి మద్దిలేటి ముఖంలో కాస్త వెలుగు చూశాను. రాగి అని పిలిచే ఆ ఎర్ర గుర్రమంటే అతనికి ప్రాణం. ఆగమంటే ఆగుతుందనీ, పొమ్మంటే పోతుందనీ, రైలు కూత పెట్టినా బెదరదనీ చెప్పుకుపోయాడు. తాత అంతా విని, తాను అడిగింది అది కాదన్నారు. మర్నాడు ఉదయమే కర్ర పట్టుకుని మద్దిలేటి ఇంటికి బయలుదేరారు. దారి చూపడానికి నేను వెంట వెళ్ళాను.

ఇంటి పక్కనే బోదగడ్డితో కప్పు వేసిన కొట్టం. మూడు పక్కలా మట్టిగోడలు, ముందు తడిక. వెనక గోడలో, లోపల మేత వేసే రాతి గాడికి సరిగ్గా పైన, చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉంది. మద్దిలేటి ఇంటి వెనక నుంచి వచ్చి, నానబెట్టిన ఉలవలు ఆ కంతలోంచి గాడిలోకి జారవిడిచాడు. దాని వెంటే పచ్చగడ్డి దోపాడు. లోపల రాగి తింటున్న చప్పుడు వినిపించింది. ముందు నుంచి పెట్టవచ్చు కదా, ఈ తిరుగుడంతా దేనికని తాత అడిగారు.

అది వాళ్ళ నాయన పెట్టిన కట్టడి. జట్కా తోలేవాడు గుర్రానికి ఎదురుగా నిలబడి మేత పెట్టకూడదు. పెడితే గుర్రానికి చనువెక్కుతుంది. బజారులో కనిపించిన ప్రతివాడి చేతికీ మూతి చాస్తుంది, తోలేవాడి మాట లెక్కచేయదు. అందుకని మేత ఎవరు పెడుతున్నారో దానికి తెలియకూడదు. ఆ నాయన కాలం నుంచీ ఆ ఇంట్లో గుర్రాలన్నీ కంతలోంచి వచ్చిన మేతే తిని బతికాయట.

"మరి నిన్ను సూసినప్పుడు దానికి ఏం కనపడతాది?" అని తాత అడిగారు.

మద్దిలేటి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. కళ్ళెం, పగ్గాలు, చెర్నాకోల అన్నాడు. ఆ మాట అతనికే నచ్చలేదేమో, గబగబా ఇంకా చెప్పాడు. ఇంట్లో సంగటికి లేని రోజున కూడా రాగికి ఉలవలు తప్పనివ్వలేదట. బిడ్డ పోయినప్పటి నుంచి మేత వేశాక చాలాసేపు ఆ కంత దగ్గరే చెవి పెట్టి నిలబడతాడట. "అది నములుతాంటే వింటే నా కడుపు నిండినట్టుంటాది తాతా. దానికి తెలవదు గానీ నేనీడనే ఉంటా," అన్నాడు. అతని భార్య ఈరమ్మ వాకిట్లో చాట పట్టుకుని నిలబడి ఆ మాట వింది. చాట కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కపూట ముందర నిలబడి పెట్టి చూడమన్నారు తాత. మద్దిలేటి నవ్వి, నాయన కట్టడి అని తల గోక్కున్నాడు. కాదంటే పెద్దాయనకు కోపమొస్తుందని కాబోలు, "జాతర పోనీ తాతా, సూద్దాం," అన్నాడు. సుంకులమ్మ జాతర దగ్గరపడుతోంది, బండికి బాడుగలు బాగా దొరికే రోజులు. అప్పుడు గుర్రానికి చనువెక్కితే ఇబ్బందని అతని భయం. తాత మళ్ళీ చెప్పలేదు. ఆయనకు అడిగించుకునే ఓపికే గాని బతిమాలే ఓపిక ఉండేది కాదు. ఆ ఒక్కరోజు బతిమాలి ఉండాల్సిందని నేను ఆయన ముందే అన్నాను తర్వాత. ఆయన ఔనన్నారు.

జాతర ఇంకా రాలేదు. మిట్టమధ్యాహ్నం, వడగాలి వీస్తుండగా, మద్దిలేటి ఇంటి పక్క దొడ్డిలో గడ్డివామి అంటుకుంది. ఎట్లా అంటుకుందో ఎవరికీ తెలియదు. బడికి సెలవులు కావడంతో నేనూ మఠంలోనే ఉన్నాను; కేకలు విని మేం వచ్చేసరికి నిప్పురవ్వలు కొట్టం మీద పడి బోదకప్పు ఒక మూల నుంచి కాలుతోంది. జనం బిందెలతో పరుగెత్తుతున్నారు, ఒకరికొకరు అడ్డం పడుతున్నారు. మద్దిలేటి తడిక పీకి లోపలికి దూరాడు.

పగ్గం పట్టి లాగితే రాగి కదల్లేదు. నిప్పును చూసిన గుర్రం కాలు కదపదని జట్కావాళ్ళకు తెలుసు. అందుకే అతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దాని కళ్ళకు కట్టి, మెడ మీద భుజం ఆనించి, తోసుకుంటూ లాక్కుంటూ బయటికి తెచ్చాడు. వాకిలి దాటించి వీధిలోకి కూడా తెచ్చేశాడు. మేమంతా అమ్మయ్య అనుకున్నాం. ఈరమ్మ ఆ గుర్రం మెడ పట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు మద్దిలేటి చేసిన తప్పు ఎవరైనా చేసేదే. గుర్రం నిలువెల్లా వణికిపోతోంది, గుడ్డ కింద ఊపిరి ఆడనట్టు తల విదిలిస్తోంది. తనను చూస్తే ధైర్యపడుతుందనుకున్నాడు. ఎదురుగా వచ్చి నిలబడి తువ్వాలు విప్పేశాడు. "నేనే గదే, నేను," అన్నాడు. ఒక చేతిలో పగ్గం ఉంది. ఇంకో చెయ్యి దాని మూతి నిమరడానికి పైకి లేచింది.

ఆ చెయ్యి లేవడం చూసి రాగి చెవులు వెనక్కి పెట్టింది. పైకి లేచిన ఆ చేతికి దాని బతుకంతా ఒకటే అర్థం, చెర్నాకోల దెబ్బ. ఒక్క గుంజు గుంజింది, పగ్గం మద్దిలేటి అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. గుర్రం మమ్మల్నందరినీ తోసుకుని, నేరుగా మండుతున్న కొట్టంలోకే పరుగెత్తింది. తనకు మేత దొరికే చోటికి పోయింది.

ముందు వైపు నుంచి ఇక ఎవరూ లోపలికి పోలేకపోయారు. మద్దిలేటి ఇంటి చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గరికి పరుగెత్తాడు. అతను ఏం చేస్తాడోనని నేనూ పరుగెత్తాను. గోడ పగలగొట్టాలని రాయి తీసుకుని రెండు దెబ్బలు కొట్టాడు. రాయి విసిరేసి, చెయ్యి భుజం దాకా కంతలోకి దూర్చి, రాగీ రాగీ అని పిలిచాడు. ఉన్నట్టుండి పిలుపు ఆపేశాడు.

"మూతి పెట్టింది సారూ," అన్నాడు నాతో. "నా చేతిలో మూతి పెట్టింది."

లోపల, ఆ పొగలో, గుర్రం గాడి దగ్గరికే వచ్చి కంతలోంచి వచ్చిన చేతిని వాసన చూసి అందులో మూతి ఆనించి నిలబడింది. దాని వేడి ఊపిరి తన వేళ్ళకు తగులుతోందని చెబుతూనే ఉన్నాడు. రాగితో కూడా ఏవేవో చెప్పాడు. కూతురితో మాట్లాడినట్టే మాట్లాడాడు. చెయ్యి కాలుతున్నా తీయలేదు. నేనూ ఇంకొకడూ నడుము పట్టి వెనక్కి లాగాం. కప్పు కూలిపోయింది. ఆ చప్పుడు గురించి నన్ను ఎవరూ అడగవద్దు.

జాతర వచ్చింది, పోయింది. చేతికి కట్టు కట్టించుకుని మద్దిలేటి ఒక సాయంత్రం మఠానికి వచ్చాడు. ఈసారి పెద్దమనుషులు ఎవరూ నోరు మెదపలేదు, అంతమాత్రం బుద్ధి వచ్చినందుకు సంతోషించాను. మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో తీసుకుని తాగాడు. తాగాక, గుర్రానికి తన మీద నమ్మకం లేకపోయిందని మెల్లగా అన్నాడు.

"లేకేం," అన్నారు తాత. "నీ చేతిలో మూతి పెట్టలేదా? నమ్మినాది. పగ్గం పట్టిన చెయ్యీ, గడ్డి పెట్టిన చెయ్యీ ఒకరివేనని దానికి ఎవురూ చెప్పలా. అంతే."

"చెప్పల్సినోన్ని నేనే గదా."

మద్దిలేటి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తూ చూస్తూ తలెత్తాడు. అతని కళ్ళలో అంత కోపం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"మరి ఆ దేవుడు గూడా గోడ ఎనకాలనే నిలబడి వింటాండాడా తాతా? నా బిడ్డ మూలుగుతాంటే విన్యాడా? ఓ తూరి ముందరికి రావొచ్చు గదా. ఓ తూరి."

తాత ఏదో పెద్దమాట చెబుతారనీ, దాంతో మద్దిలేటి మనసు కుదుటపడుతుందనీ నేను ఆశపడ్డాను. ఆయన ఖాళీ గ్లాసు మద్దిలేటి చేతిలోంచి తీసుకుని, తన పై గుడ్డ అంచుతో తుడిచి, బోర్లించారు.

"జాతర పోనీ అంటాండాడేమో నాయనా," అన్నారు, "నీ మాదిరే, ఆయన గూడా."