నల్లనూనెలో సంతృప్తుల తూకం

నల్లమడుగు రాజ్యాన్ని ఏలే ఉద్దండకేసరి మహారాజుకు ఒకరోజు పొద్దున్నే కొత్త పిచ్చి పట్టుకుంది.

కోట వెనక బావి తవ్వుతుంటే నీళ్లకు బదులు నల్లటి ముడినూనె పడింది. తారులా చిక్కగా ఉంది. గరిటె నిలబెడితే పడిపోదు. ఆస్థాన రసాయన పండితుడు చెన్నుభట్లు దాన్ని వేలితో తాకాడు. ఆ వేలు ఎక్కడ తుడవాలో తెలియక, చెయ్యి పైకెత్తి పట్టుకునే సభలో విన్నవించాడు.

“మహాప్రభో! ఇందులో హైడ్రోకార్బన్లు ఉన్నాయి. వాటిల్లో కొన్ని సంతృప్తాలు. ప్రతి కార్బనుకూ నాలుగు చేతులు. సంతృప్తాల్లో ఆ నాలుగు చేతులూ నలుగురిని పట్టుకునే ఉంటాయి. ఇంకెవరూ అక్కర్లేదు, ఇంకేమీ అక్కర్లేదు.”

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

“ఏమీ అక్కర్లేదా! నా ముందు చెయ్యి చాచనివాడు ఈ రాజ్యంలో ఒక్కడూ లేడు. మా బావమరిదైతే రెండూ చాస్తాడు. అలాంటిది నా బావిలో తృప్తిపడ్డవాళ్లు కాపురముంటున్నారా? ఎన్ని రకాలవాళ్లో, ఒక్కొక్కరి బరువెంతో తూచి చెప్పు. జనాభాలో కలుపుకుందాం!”

తూచడానికి యంత్రం ఉంది. సముద్రం అవతలి వర్తకులు ఒక ఏనుగును పట్టుకుపోయి, దానికి మారుగా ఒక మాస్ స్పెక్ట్రోమీటరు ఇచ్చిపోయారు. దాన్ని ఏనుగు కొట్టంలోనే కట్టేశారు. అది నూనెలోని ఒక్కో అణువుకూ ఎలక్ట్రాన్లతో ఒక దెబ్బ వేసి, కాస్త విద్యుత్తు అంటించి, అయస్కాంతం పక్కనుంచి పరుగెత్తిస్తుంది. తేలికవాళ్లు బాగా పక్కకు తిరుగుతారు. బరువైనవాళ్లు అంతగా తిరగరు. ఎవరెక్కడ పడ్డారో చూసి బరువు చెబుతుంది.

చెన్నుభట్లు నూనెను వడగట్టి సంతృప్తాలను వేరుచేశాడు. ‘దెబ్బ’ అని రాసి ఉన్న మరను చివరిదాకా తిప్పేశాడు. యంత్రం దడదడలాడి అంకెలు చెప్పింది. నలభై మూడు, యాభై ఏడు, డెబ్భై ఒకటి, ఎనభై అయిదు.

“అందరూ బక్కవాళ్లే మహాప్రభో! ఇంత తేలికైన నూనె దీపాల్లో పోస్తే భగ్గున వెలుగుతుంది!”

“అయితే పోయించు” అన్నాడు రాజు.

దీపాల కొట్టు చూసేది మాచమ్మ. ముప్ఫై ఏళ్లుగా అదే పని. రెండు వేళ్ల మధ్య రాసిచూసి ఏ నూనె వెలుగుతుందో, ఏది వెలగదో చెప్పగలదు.

“అయ్యగారూ, ఇది వత్తిలోకి ఎక్కదండీ” అంది.

“యంత్రం కన్నా నీ వేళ్లకు ఎక్కువ తెలుసా?” అని కసిరాడు చెన్నుభట్లు.

కిటికీలు లేని పెద్ద సభలో నూటెనిమిది దీపాలు అంటించారు. నూటెనిమిదీ గుప్పుగుప్పున పొగకక్కి ఆరిపోయాయి. తలుపులు తీసేసరికి అందరూ ఒకటే నలుపు. రాజెవరో తెలియక మంత్రులు ఒకరికొకరు దండాలు పెట్టుకుంటున్నారు. సేనాపతి ఒక స్తంభానికి పెట్టాడు.

“వత్తులు చేసింది ఈవిడే! తప్పంతా ఈవిడదే!” అని అరిచాడు చెన్నుభట్లు.

“సాయంత్రంలోగా పొలిమేర దాటిపో” అన్నాడు రాజు దగ్గుతూ.

ముప్ఫై ఏళ్ల కొలువు ఒక్క మాటతో పోయింది. మాచమ్మ పొలిమేర వైపు కాక నేరుగా ఏనుగు కొట్టానికి వెళ్లింది. ఇంత చిక్కటి నూనెలో అంత బక్కవాళ్లు ఎలా ఉంటారన్నదే ఆమెకు అంతుపట్టడం లేదు. యంత్రం చుట్టూ తిరిగింది. చివరిదాకా తిప్పిన ‘దెబ్బ’ మర కనబడింది.

కాసేపటికి సభలోకి వచ్చింది. భుజాన రోకలి. చేతిలో కంసాలి త్రాసు.

“మహాప్రభో, పోయేముందు ఒక్క కోరిక. భట్లుగారి బరువు తూస్తాను. వారి పద్ధతిలోనే.”

చెన్నుభట్లు పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. “నేను ఎనిమిది మణుగులు! ఈ బుల్లి త్రాసులో ఎలా తూగుతానే?”

“తూగుతారు లెండి. ముందు రోకలితో బలంగా నాలుగు వేస్తాను. ఆ తర్వాత తూస్తాను.”

“భేష్! కానియ్!” అన్నాడు రాజు. ఉదయం నుంచి ఆయనకు నచ్చిన మాట ఇదొక్కటే.

ఇద్దరు భటులు భట్లును గట్టిగా పట్టుకున్నారు. మాచమ్మ రోకలి పైకెత్తింది.

“ఆగవే తల్లీ! ఆగు! ముక్కలైపోతాను! అప్పుడు నీ త్రాసులో పడేది నా చెవో, బొటనవేలో! అది నా బరువెలా అవుతుందే?”

మాచమ్మ రోకలి దించింది.

“నూనె కూడా ఇదే మొత్తుకుంది భట్లుగారూ. దానికి నోరు లేదు గనక మీకు వినబడలేదు!”

రాజు రోకలి వైపు ఒకసారి, త్రాసు వైపు ఒకసారి చూశాడు.

“అంటే ఈయన తూచింది... ముక్కల్నా?”

“అవును మహాప్రభో. నిండు మనుషుల్ని చితక్కొట్టి, చెవులు తూచి, అందరూ బక్కవాళ్లని చెప్పారు. దెబ్బ తగ్గించి చూడండి.”

సభంతా కొట్టంలోకి పరుగెత్తింది. మాచమ్మ మరను వెనక్కి తిప్పి, పసిపిల్లను తట్టినంత దెబ్బ దగ్గర ఆపింది. యంత్రం మెల్లగా మూలిగి చెప్పింది. నాలుగు వందల ఇరవై రెండు, అయిదు వందల ఆరు, ఆరు వందల పద్దెనిమిది.

“అబ్బో! అందరూ భారీ మనుషులే!” అంటూ రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే చేతి బంగారు మురుగులు రెండూ తీసి మాచమ్మ చేతులకు తొడిగి, యంత్రాన్ని ఆమెకు అప్పగించాడు. తర్వాత పండితుడి వైపు తిరిగాడు.

“భట్లూ, ముక్కలు చెయ్యడంలో నీకు మంచి నేర్పు ఉంది. రేపటినుంచి వంటశాలలో గుమ్మడికాయల పని నీదే!”