సగం కొలత మందు

బుడేన్ సాహెబు సారు అడిగిన మాటకు అడిగిన చోట జవాబు చెప్పడు. పశువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. నేను పశువుల పని నేర్చుకున్నది ఆయన వెంట తిరిగే. ఏదైనా అడిగితే ముందు ఆవు చెవి మడిచి చూస్తాడు, తోక ఎత్తి చూస్తాడు, తర్వాత మనల్ని ఏదో ఒక పనిలోకి దించుతాడు. జవాబు ఆ పనిలోనే ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజు మా ఊరి సుంకులమ్మత్త ఆవు లేవలేదు. ఎనిమిది నెలల చూడి. ఒళ్లు కాలిపోతోంది, మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. చెవుల్లో, పొదుగు మీద, గంగడోలు కింద పిడుదులు నెత్తురు తాగి ఆముదపు గింజల్లా వేలాడుతున్నాయి. ఆరు రోజుల కిందట ఆ ఆవుకు పిడుదుల మందు కొట్టింది నేనే.

"ఏమ్మే డాక్టరమ్మా! నీ మందు తాగి పిడుదులు బలిసినాయే గానీ చచ్చింది ఒక్కటీ లేదే," అంది సుంకులమ్మత్త. నవ్వుతూ అనలేదు. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క ఆవే.

సారు సూది వేశాడు. "రక్తంలో రోగం చేరింది. పిడుదులే ఎక్కించినాయి. రేపటికి లేచి నిలబడితే బతికినట్టు," అన్నాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "సారూ, ఈ మందు మొదట్లో కొట్టిన గంటకే పిడుదులు జలజలా రాలేవి. ఇప్పుడేమైంది? సీసాలోది నకిలీదా, లేకుంటే ఇవి మందు ఓర్చుకోవడం నేర్చినాయా?"

ఆయన చేతులు కడుక్కుంటూ, "సుంకులమ్మా, రేపు జొన్న కోత అంటివి గదా. విత్తనం కంకులు తీసినావా?" అన్నాడు.

"యాడ తీసేది సారూ, ఇది ఇట్లా పడిపోయినాక!"

"సూది పని సూది చేస్తాది. మీ ఆయన్ను ఆవు కాడ కూర్చోబెట్టు. పదండి. ఈ అమ్మి కూడా వస్తాది."

ఆవు ప్రాణం మీదికొస్తే కంకులేమిటని నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను.

కోతకు ముందు చేనంతా తిరిగి, వచ్చే ఏటి విత్తనానికి కంకులు ఏరిపెట్టుకోవడం ఆ ఇంటి అలవాటు. నేను వాగు పక్క పల్లంలోకి దిగి, పిడికిట్లో పట్టని లావు కంకులు నాలుగు కోసి తెచ్చాను, మెచ్చుకుంటుందని. సుంకులమ్మత్త వాటిని తిండి గంపలో పడేసింది.

"ఇవి నీళ్లు తాగి బలిసినాయిలే. పోయిన నెల ఎండకు మెరక మీద పైరంతా మాడిపాయ. ఆ రాళ్ల దిబ్బ మీద అక్కడక్కడా నిలబడినాయి చూడు, బక్కవైనా అవి తెచ్చి విత్తనం గంపలో వెయ్యి. వాటి బిడ్డలూ నిలబడతాయి."

గట్టు మీద కూర్చున్న సారు అడిగాడు. "ఎండకు ఓర్చుకొమ్మని నువ్వేమన్నా నేర్పితివా వాటికి?"

"నేనేం నేర్పేది సారూ? ఓర్చుకోలేనివి పాయ. ఉన్నవాటిని నేను దాచుకుంటి. మా అత్త నాటి నుంచీ అంతే."

నా చేతిలో కొడవలి ఆగిపోయింది. సారు అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఊళ్లో పశువులకు మందు కొట్టేది నువ్వే గదమ్మీ. ఎంత కలుపుతావు?"

సీసా మీద రాసిన కొలతలో సగం. ఒక్క సీసాతో ఊరి పశువులన్నిటికీ సరిపెడుతుందని అందరూ నన్ను పొగిడేవాళ్లు. ఆ పొగడ్త నాకు తియ్యగా ఉండేది. ఆ సగానికి ఓర్చుకున్న పిడుదులు కొన్ని చావకుండా మిగిలి, పిల్లలు పెట్టేవి. పదిహేను రోజులకు మళ్లీ అదే మందు, అదే సగం. మూడేళ్లు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కొలత సరిగానే కలిపానంటే అడిగేవాళ్లెవరు?

"సగమే సారూ," అన్నాను. "అత్తా, నీ ఆవుకూ సగమే."

సుంకులమ్మత్త కంకులు కోస్తూనే ఉంది. ఒక సాలు దాటాక గంప నెత్తికెత్తుకుంది.

"చెప్పినావు గదా. పద, ఇంక చేత్తో ఏరుదాం."

పొద్దు గూకేదాకా ఇద్దరం ఆ ఆవు ఒంటి మీది పిడుదులను ఒక్కొక్కటే పీకి కిరసనాయిలు డబ్బాలో వేశాం. వేళ్లు నెత్తురయ్యాయి. మరునాడు పొద్దున ఆవు వెనక కాళ్లు లేపి, తూలి, నిలబడింది. సుంకులమ్మత్త పట్టుకున్న పచ్చి చొప్పను నోటితో అందుకుంది.

నాకు ధైర్యం తిరిగొచ్చి, ఆవును చూడవచ్చిన సారును అడిగాను. "ఊళ్లో మిగిలిన పశువులకు వేరే రకం మందు తెద్దాం సారూ. దానికి చస్తాయి గదా?"

"చస్తాయి," అన్నాడు సారు, సంచి భుజానికి తగిలించుకుంటూ. "చావని నాలుగింటినీ విత్తనం గంపలో వేస్తావో, కిరసనాయిలు డబ్బాలో వేస్తావో, అది చూస్తా."